ముప్పై గీత

మేడ్చల్,
10 జూన్ 2024

అత్తమ్మకు రేచల్ వందనాలు.

ఉత్తరమేమిటని నవ్వకండి. ఫోనులో మొదలుపెడితే మీరు ఒక మాట, నేను రెండు మాటలు, చివరికి ఇద్దరిలో ఎవరో ఒకరం ఫోను పెట్టేస్తున్నాం. పైగా జీడిమెట్లలో మా మందుల కంపెనీ ల్యాబులోకి ఫోను రానివ్వరు, గేటు దగ్గరే లాకరులో పెట్టి వెళ్లాలి. మీ అబ్బాయి దాణా వ్యాను ఎలాగూ రోజూ షామీర్‌పేట మీదుగానే పోతుంది. నయన బట్టల సంచిలో ఉత్తరం పెట్టి పంపుతాను, మీరూ అలాగే పంపండి. మహిళా సమాజం సెక్రటరీగా అన్నేళ్లు రాసిన చెయ్యి, మీకిది కష్టం కాదు.

నా సెలవు అయిపోయింది కాబట్టి ఈ వారం నుంచి సోమవారం మొదలు శనివారం దాకా నయన మీ దగ్గరే. దాని పథ్యం సంగతి మరోసారి చెప్తాను, విసుక్కోకండి. అన్నం, రొట్టె, పప్పు, పండు, చక్కెర ఏవీ లేకుండా కొవ్వు మీదే ఒళ్లు నడవాలి. మూడు రకాల మందులకు లొంగని ఫిట్స్ దీనికి లొంగాయి. రోజూ వచ్చేవి ఎప్పుడో ఒకటి అయ్యాయి, మీరే చూశారు. కానీ కొవ్వు కాస్త తగ్గితే మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే పూటకు ముప్పై గ్రాముల నూనె. కోడిగుడ్డులో కలిపినా, గోబీ కూరలో పోసినా, గిన్నెకు అంటుకున్నది కూడా గీకి పెట్టాలి. తూకం పంపుతున్నాను. మూత్రంలో ముంచే పట్టీలు నా దగ్గరే ఉంచుకుంటాను, ఇంటికి వచ్చినప్పుడల్లా చూస్తాను. ముదురు వంకాయ రంగు వస్తే పథ్యం పనిచేస్తున్నట్టు, లేత గులాబీ వస్తే తప్పినట్టు.

ఆగస్టు రెండో వారంలో డాక్టరమ్మ చూస్తుంది. అప్పటికి గుణం నిలబడకపోతే పథ్యం ఆపేసి ఆపరేషన్ సంగతి మాట్లాడదాం అంది. ఆరేళ్ల పిల్ల తల తెరవడం గురించి మాట్లాడటం నావల్ల కాదు అత్తమ్మా. అందుకే ఇంత రాశాను.

మీ కోడలు
రేచల్

---

షామీర్‌పేట,
17 జూన్ 2024

చిరంజీవి రేచల్‌ను దీవించి నీ అత్త ఎలీషమ్మ రాసేది.

ఇక్కడ ప్రభువు దయవల్ల క్షేమం. నువ్వు పంపిన తూకం బంగారం కొట్టులో ఉండాల్సినది, నా వంటింటికి వచ్చి పడింది. ఫ్యాను తిరిగితే అంకెలు ఊగుతాయి. ఫ్యాను ఆపి, కళ్లజోడు వెతుక్కుని వచ్చేసరికి అదే ఆరిపోతుంది. గోబీ, గుడ్డు దాని మీదే తూస్తున్నాను, తిప్పలు పడుతూ. నూనెకు మాత్రం ఒక ఉపాయం చేశాను. మీ మామయ్యకు మందు పోసిన ప్లాస్టిక్ కొలత గ్లాసు ఉంది, ఐదేసి చొప్పున నల్లటి గీతలు, నా కళ్లకు కూడా కనిపిస్తాయి. ఊరికే నమ్మలేదు, నీ తూకం మీద పెట్టి సరిచూశాను. గ్లాసులో ముప్పై గీత దగ్గర నీ తూకం కూడా ముప్పై అంది. ఇక నూనె దాంతోనే పోస్తున్నాను.

నీ కూతురు తిండి దగ్గర నన్ను ఏడిపిస్తుంది. నూనె తేలే కూర చూస్తే మూతి తిప్పుతుంది. వాళ్ల నాయిన చిన్నప్పుడు చెరువు బురదలో చెప్పులు పోగొట్టుకుని ఏడ్చుకుంటూ వచ్చిన కథ చెప్పాలి, ఒక్కో చెప్పుకు నాలుగు ముద్దలు. ఇప్పుడు ఆ కథలో మీ ఆయన చెప్పులు చాలా జతలు పోయాయి.

మొన్న శనివారం సాయంత్రం చర్చిలో పిల్లల కూడికకు తీసుకుపోయాను. రోజారాణి టీచరు అందరికీ బిస్కిట్లు పంచింది. నయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "నాకొద్దు టీచర్, తింటే నాకు ఫిట్స్ వస్తయ్" అంది. అందరి ముందు అంత మామూలుగా అంది. నాకు ఏడుపు ఆగక బయటికి వచ్చేశాను.

దిగులు పడకు. వేళకు తిను.

నీ అత్త
ఎలీషమ్మ

---

మేడ్చల్,
24 జూన్ 2024

అత్తమ్మకు వందనాలు.

ఈ సంగతి ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపాను. రెండు వారాలుగా ఒకటే తీరు. శనివారం రాత్రి నయన ఇల్లు చేరగానే పట్టీ ముంచితే లేత గులాబీ. ఆదివారమంతా నా చేత్తో పెట్టి సోమవారం పొద్దున ముంచితే కాస్త ముదురు. మళ్లీ మీ దగ్గరకు వచ్చి శనివారానికి లేత గులాబీ.

పథ్యం ఆదివారం సరిగ్గా నడిచి మిగతా ఆరు రోజులూ తప్పుతోందని కదా దీని అర్థం? కూడికలో బిస్కిట్లు పంచారని మీరే రాశారు. మొన్న కూడా పంచే ఉంటారు. నయన చేతులు వెనక్కి పెట్టుకుందని రాశారు, మీరు బయటికి వచ్చేశాక చేతులు ఎక్కడ పెట్టుకుందో ఎవరు చూశారు? మీ ఇంటికి వచ్చే పోయే వాళ్లు, చర్చివాళ్లు, పాపం పసిది అని ఏదో ఒకటి నోట్లో పెడుతున్నారేమో. నేను మిమ్మల్ని అనడం లేదు. కానీ ఎవరో పెడుతున్నారు.

ఒకసారి ఆలోచించి రాయండి. కోపం తెచ్చుకోకండి.

రేచల్

---

షామీర్‌పేట,
1 జూలై 2024

రేచల్‌కు,

కోపం తెచ్చుకోవద్దని రాశావు, తెచ్చుకున్నాను. తెచ్చుకుని, తగ్గిన తర్వాత రాద్దామని వారం ఆగాను. తగ్గలేదు.

మా ఇంటికి వచ్చే పోయే వాళ్లు ఎవరమ్మా? పాలు పోసే లత గేటు దగ్గరే పోసి పోతుంది. పక్కింటి జానకిరామయ్య గారు పేపరు ఇచ్చి పోతాడు. నీ మాట చదివిన రోజే రోజారాణిని పిలిచి అడిగాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆంటీ, నేను గట్ల చేస్తనా? నయనకు నేనేమన్న శత్రువునా?" అంది. ఏం చెప్పను? నా కోడలు అడగమంది అని చెప్పాను. నీ పేరే చెప్పాను, దాచలేదు.

మొన్న శనివారం కూడికకు తీసుకుపోలేదు. నయన మంచి గౌను వేసుకుని, జడలు వేయించుకుని, చెప్పులు కూడా తొడుక్కుని గడప దగ్గర కూర్చుంది. పోవడం లేదంటే ఎందుకని అడిగింది. మీ అమ్మ వద్దంది అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది, తెలుసు. అనేశాను. ఇక బిస్కిట్టు మాట ఎత్తకు. కూడికే లేనప్పుడు బిస్కిట్టు ఎక్కడిది? ఈ వారం రంగు చూసి నువ్వే చెప్పు.

ఎలీషమ్మ

---

మేడ్చల్,
5 జూలై 2024

అత్తమ్మా,

నయనకు ఫిట్ వచ్చిందని మీరు ఫోను చేసినప్పుడు నా ఫోను లాకరులో మోగుతూ ఉంది. సెక్యూరిటీ అతను లోపలికి పరుగెత్తుకొచ్చి చెప్తే గాని తెలియలేదు. జీడిమెట్ల నుంచి మీ ఇంటికి వచ్చేదాకా ఆటోలో నేను ఏం ప్రార్థన చేశానో నాకే గుర్తులేదు. వచ్చేసరికి నయన నిద్రపోతోంది, మీరు పక్కన కూర్చుని ఉన్నారు, తూకం కింద పడి రెండు ముక్కలై ఉంది. భోజనాల బల్ల దగ్గర కాళ్లూ చేతులూ కొట్టుకుందని, చెయ్యి తగిలి అది పడిపోయిందని చెప్పారు. అప్పుడు తూకం ముక్కలు ఏరుతూ ఉండిపోయాను. మాట్లాడితే ఏమంటానో అని భయపడ్డాను.

ఇప్పుడు రాస్తున్నాను. కూడికకు పోని వారం కూడా పట్టీ లేత గులాబీయే. ఇన్ని నెలల తర్వాత ఇంత పెద్ద ఫిట్ వచ్చింది. అంటే ఏదో ఒకటి లోపలికి పోతోంది అత్తమ్మా. మీరు ప్రేమ కొద్దీ చేస్తారని తెలుసు. ప్రేమతో పెట్టిన అన్నం ముద్ద కూడా అన్నం ముద్దే. ఏం పెడుతున్నారో, ఎంత పెడుతున్నారో, పొద్దున లేచింది మొదలు ఒక్కటి కూడా వదలకుండా రాయండి. అది చూశాక కూడా తెలియకపోతే నేను ఉద్యోగం మానేసి నయనను తెచ్చుకుంటాను. ఫిలిప్‌తో చెప్పాను. "మా అమ్మ మీద నమ్మకం లేదా నీకు?" అని అరిచాడు. నేనూ అరిచాను.

డాక్టరమ్మ దగ్గరకు వెళ్లే రోజు దగ్గర పడుతోంది.

రేచల్

---

షామీర్‌పేట,
8 జూలై 2024

రేచల్‌కు,

అడిగావు కాబట్టి రాస్తున్నాను, దేవుడు చూస్తున్నాడని రాస్తున్నాను. పొద్దున గుడ్డు ఒకటి, తూచిన మీగడ, నూనె ముప్పై. మధ్యాహ్నం గోబీ, పనీరు, నూనె ముప్పై. సాయంత్రం దోసకాయ, గుడ్డు, నూనె ముప్పై. గోబీ, పనీరు తూకం పగిలేదాకా తూకం మీదే తూచాను, ఇప్పుడు అవే గిన్నెల్లో అదే కొలతకు పెడుతున్నాను. పళ్లు తోమే పేస్టు కూడా నువ్వు పంపిన తీపి లేనిదే. నేను అన్నం వండుకుంటే వాసన తగులుతుందని పెరట్లో పొయ్యి పెట్టుకుని, పిల్ల నిద్రపోయాక తింటున్నాను. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నూనె సంగతికి వస్తే, మొదటి రోజే సరిచూశానని రాశాను కదా. మళ్లీ రాస్తాను. గ్లాసును నీ తూకం మీద పెట్టి, ముప్పై గీత దాకా నీళ్లు పోశాను. పిల్ల నూనె బొట్టు కూడా పరీక్షకని పారబోయడం నాకిష్టం లేదు, అందుకే నీళ్లు పోశాను. గ్లాసు బరువు పోగా ముప్పైకి ముప్పై తూగింది. రెండోసారి పోసినా అంతే. ఇంతకంటే నిక్కచ్చిగా ఎట్లా కొలవాలో నాకు తెలియదు.

పిల్లను తీసుకుపోతానంటే తీసుకుపో. తల్లివి నువ్వు. కానీ నేను దొంగచాటుగా ఏదో పెట్టానని మనసులో పెట్టుకుని తీసుకుపోకు. అది నేను భరించలేను.

ఎలీషమ్మ

---

జీడిమెట్ల,
9 జూలై 2024

అత్తమ్మా,

మీ ఉత్తరం టీ విరామంలో క్యాంటీనులో చదివాను. నీళ్లు అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ముందు ఇది. బిస్కిట్టు మాట, అన్నం ముద్ద మాట, రెండూ వెనక్కి తీసుకుంటున్నాను. రోజారాణికి కూడా నేనే చెప్తాను. పెరట్లో వండుకోకండి, మీకు దండం పెడతాను.

తేడా ఎక్కడుందో తెలిసింది. గ్లాసు మీది గీతలు ఎంత చోటు నిండిందో చెప్తాయి. తూకం ఎంత బరువుందో చెప్తుంది. నీళ్లకు ఆ రెండు అంకెలూ ఒకటే, అందుకే మీ పరీక్ష కుదిరింది. నూనె నీళ్లకన్నా తేలిక, అందుకే నీళ్ల మీద తేలుతుంది. దానికి గీతలో ముప్పై అయితే తూకంలో ముప్పై కాదు. ఒక మిల్లీలీటరు నూనె అంటే సున్నా పాయింటు తొమ్మిది ఒకటి గ్రాములు. కొత్త తూకం ఫిలిప్ తెస్తానన్నాడు, అది మీ దగ్గరకు చేరేదాకా గ్లాసుతోనే కొలవండి గానీ, ఆ లెక్క ప్రకారం ముప్పైని సరిచేసి పోయండి.

ఈ వారం మా దగ్గర ఆడిట్ ఉంది, ఊపిరాడటం లేదు. బెల్లు కొట్టారు.

రేచల్

---

షామీర్‌పేట,
11 జూలై 2024

బిడ్డా రేచల్,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను, వంటింట్లోనే కూర్చుని తిన్నాను. మనసులో ఏమీ పెట్టుకోకు. పిల్ల కోసం పడే కంగారులో మనిషి ఏదో అంటాడు.

నీ లెక్క నాకు కొరుకుడు పడలేదు. జానకిరామయ్య గారిని పిలిచాను. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, కరెంటాఫీసులో లెక్కలు రాసి రిటైరయ్యాడు. నీ ఉత్తరంలో ఆ ముక్క చూపించాను. ఫోనులో రెండుసార్లు కొట్టి చూశాడు. "ముప్పైని సున్నా పాయింటు తొమ్మిది ఒకటితో హెచ్చవేస్తే ఇరవై ఏడు చిల్లరండీ ఎలీషమ్మ గారూ. తేలికైన సరుకు కదా, అంకె తగ్గాలి మరి" అన్నాడు. నిజమే అనిపించింది. ఇన్నాళ్లూ నేను ఎక్కువ పోస్తున్నానన్నమాట. కూరలో ఉప్పు ఎక్కువైనా చెడ్డదే కదా, ఇదీ అంతేనేమో. ఈ పూట నుంచే ఇరవై ఐదు గీత దాటాక, ముప్పై గీతకు సగం దూరం రాకముందే ఆపుతున్నాను.

ఫిలిప్‌కు రేపటి నుంచి సిద్దిపేట రూటు వేశారట, వారం రోజులు ఇటు రాడు. శనివారం కూడా నయన ఇక్కడే ఉంటుంది. ఈ ఉత్తరం అతని బదులు వచ్చే డ్రైవరుకు ఇచ్చి పంపుతాను. లెక్క తప్పైతే వెంటనే చెప్పు. నీ నుంచి మాట రాకపోతే సరేనని అనుకుంటాను.

దీవెనలతో
మీ అత్తమ్మ

---

ఆసుపత్రి వార్డు,
19 జూలై 2024

అత్తమ్మా,

మీ పదకొండో తారీఖు ఉత్తరం ఇప్పుడు నా ఒళ్లో ఉంది. ఫిలిప్ ఇందాక వ్యాను కడుగుతుంటే సీటు కింద దొరికింది. ఆ డ్రైవరు ఎక్కడో పెట్టి మరిచిపోయాడు.

నయన పడుకుంది. సూది పెట్టిన చెయ్యి అట్టకు కట్టారు. బుధవారం వచ్చిన ఫిట్ ఎంతకీ ఆగలేదు కదా, అంబులెన్సులో కూడా ఆగలేదు. మీరు దాని కాళ్లు పట్టుకుని కూర్చున్నారు, నేను ఆసుపత్రి గేటు దగ్గర ఎదురుచూశాను. ఆ తలుపు తెరిచినప్పుడు దాని పెదాల రంగు చూశాను. అది నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఇరవై ఏడు! అత్తమ్మా, పెంచాలి. తేలికైన దానితో అదే బరువు రావాలంటే ఎక్కువ పోయాలి. కిలో ఉల్లిగడ్డలకు గిన్నె చాలు, కిలో మరమరాలకు గంప కావాలి. ముప్పైని హెచ్చవేయకూడదు, భాగించాలి. ముప్పై మూడు వస్తుంది. ముప్పై గీత దాకా పోసినప్పుడే తక్కువ పడుతోంది. దాన్ని సరిచేయబోయి ఆ తక్కువను రెండింతలు చేశాం.

ముప్పై మూడు అని రాయడానికి నాకు రెండు మాటలు చాలు. రాయలేదు. సరిచేసి పోయండి అని రాశాను, మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు చెప్పినట్టు. ఆదివారం ఫోనులో మీరు "లెక్క మార్చిన, బిడ్డా" అన్నారు. ఎంతకు మార్చారని అడగలేదు. ఆడిట్ కాగితాలు ముందేసుకుని ఊఁ అన్నాను. కొత్త తూకం మేడ్చల్‌లో మా బల్ల మీదే ఉంది, ఇంకా డబ్బా విప్పలేదు.

నాకు మీ మీద కోపంగా ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ కోపంగా ఉంది. ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు.

రేచల్

---

షామీర్‌పేట,
22 జూలై 2024

రేచల్‌కు,

నయన ఇల్లు చేరిందని ఫిలిప్ చెప్పాడు. ప్రభువుకు స్తోత్రం.

గురువారం వార్డులో ఆ చిన్న డాక్టరు తిండి ఎవరు పెడతారని అడిగాడు. "మా అత్త తప్పు కొలిచింది" అన్నావు. తెరకు ఇవతల నేను ప్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. అబద్ధమని అనను. నా చెయ్యే పోసింది. కానీ పక్క మంచాల వాళ్లందరూ నా వైపు తిరిగి చూశారు. ప్లాస్కు అక్కడే పెట్టి బస్సెక్కాను.

నయనను మళ్లీ నా దగ్గరకు పంపకు. కోపంతో రాయడం లేదు. ఆ గ్లాసును బోర్లించి పెట్టాను, ముట్టుకోవడం లేదు. తక్కువైతే పడిపోతుంది, ఎక్కువైతే ఏమవుతుందో తెలియదు, ఇంట్లో అడగడానికి మనిషి లేడు. పూట పూటకూ పిల్ల ప్రాణం నా రెండు వేళ్ల మధ్య పట్టుకున్నట్టుంది. ముసలిదాన్ని, భయపడిపోయాను. ఇక నేను కొలవను.

దాని బట్టలు ఉతికి మడిచి సంచిలో పెట్టాను. ఫిలిప్‌ను పంపు.

ఎలీషమ్మ

---

మేడ్చల్,
25 జూలై 2024

అత్తమ్మకు,

నిన్న మీ ఇంటికి వచ్చాను. తలుపు తీసి, నయనను ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోయారు. నేను వంటింట్లో ఒక్కదాన్నే ఆ పని చేసి వచ్చేశాను. ఏం చేశానో మీరు ఈపాటికి చూసే ఉంటారు. కొత్త తూకం మీద నూనె ముప్పై గ్రాములు తూచాను, నూనెనే తూచాను, దాన్ని మీ గ్లాసులో పోసి, ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ సూది కాల్చి గీత గీశాను. ముప్పై మూడు దగ్గర పడింది. ఇక లెక్క లేదు, హెచ్చవేత లేదు. ఆ గీత దాకా పోయడమే.

వార్డులో అన్న మాటకు క్షమాపణ ఎలా అడగాలో తెలియడం లేదు. అడుగుతున్నాను. భయంతో అన్నాను, ఎవరో ఒకరి మీద పడేస్తే నా గుండె బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

ఒక సంగతి రాత్రీ పగలూ తొలుస్తోంది. మా ల్యాబులో ఎవరూ ఒక్కరే ఏదీ తూచరు. ఒకరు తూస్తే పక్కన ఇంకొకరు నిలబడి అంకె చూడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు కూడా అదే పద్ధతి. చెయ్యి తప్పు చేస్తుందని అందరికీ తెలుసు కాబట్టి. అదంతా తెలిసి, నా కన్నబిడ్డ తిండి దగ్గర మిమ్మల్ని మాత్రం ఒంటరిగా వదిలేశాను. వదిలేసి, దూరం నుంచి తప్పులు వెతికాను.

ఇకనుంచి అలా వద్దు. పొద్దున, సాయంత్రం నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి వీడియో చేస్తాను. మధ్యాహ్నం ఒంటి గంటకు భోజనం విడుస్తారు, గేటు బయటికి వచ్చి చేస్తాను. మీరు పోసి గ్లాసు చూపించండి. నేను చూసి సరే అంటాను. తప్పైతే ఇద్దరిదీ.

నయన నా దగ్గర సరిగ్గా తినడం లేదు. మూడు రోజుల్లో రెండుసార్లు కక్కింది. చెప్పుల కథ నాకు రాదు. మీరు లేకుండా ఈ పథ్యం నడవదు అత్తమ్మా, నడిపించాలని చూశాను, నావల్ల కాలేదు. ఆపరేషన్ మాట వినాల్సి వస్తుందేమోనని చచ్చేంత భయంగా ఉంది.

మీరు ఒప్పుకుంటే సోమవారం పంపుతాను.

మీ
రేచల్

---

షామీర్‌పేట,
2 ఆగస్టు 2024

బిడ్డా రేచల్,

రోజుకు మూడుసార్లు ముఖాలు చూసుకుంటూ మళ్లీ ఉత్తరమేమిటని అంటావేమో. ఆ ఫోనులో నూనె మాట తప్ప ఇంకో మాట మాట్లాడుకోవడం లేదు మనం. అందుకే రాస్తున్నాను.

సోమవారం ఫిలిప్ పిల్లను దించి పోతుంటే వెనక్కి పిలిచి తీసుకుపొమ్మందామని గడప దాకా వచ్చాను. నయన అప్పటికే లోపలికి పోయి పీట వేసుకుని కూర్చుంది. ఇక ఏం పిలవను? మొదటి పూట గ్లాసు ఎత్తితే నూనె గట్టు మీద ఒలికింది. ఫోనులో నువ్వు తిడతావనుకున్నాను. "పర్లేదు అత్తమ్మా, మళ్లీ పొయ్యండి" అన్నావు. రెండోసారి సరిగ్గా గీత దగ్గర ఆపాను.

మంగళవారం సిగ్నలు లేక నీ ముఖం రాలేదు. గ్లాసులో గీత దాకా నూనె పోసి పెట్టుకుని, నువ్వు చూడకుండా కూరలో కలపనని కూర్చున్నాను. నయన ఆకలికి ఏడ్చింది. "అవ్వా, అమ్మ సూడకున్నా గీత గీతనే గదా" అని నాకే చెప్పింది. అయినా కలపలేదు. నువ్వు వేరేవాళ్ల ఫోను నుంచి చేసేదాకా ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది, నేనూ ఏడ్చాను. నువ్వు చూసి ఊఁ అన్నాక పెట్టాను. ఇట్లా ఎన్నాళ్లు చేయగలనో తెలియదు. కానీ నువ్వు అటువైపు ఉన్నావంటే చేయగలననిపిస్తోంది.

నువ్వు పంపిన పట్టీ పొద్దున ముంచాను. వంకాయ రంగు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. నా ముచ్చట కోసం దాన్ని జానకిరామయ్య గారికి కూడా చూపించబోయాను, ఏమిటో తెలిశాక ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. పాపం, లెక్క తప్పిందని తెలిసినప్పటి నుంచి ఆయన మా గేటు దగ్గర తలెత్తడం లేదు. ఏమీ అనలేదు నేను.

పన్నెండో తారీఖు సోమవారం డాక్టరమ్మ ఏమంటుందో. ఆ రోజు ఉపవాసం ఉంటాను.

మీ అత్తమ్మ
ఎలీషమ్మ

---

మేడ్చల్,
12 ఆగస్టు 2024

అత్తమ్మకు,

పథ్యం ఆపడం లేదని ఫోనులో చెప్పాను, మీరు ఏడ్చారు. మిగతాది ఇందులో రాస్తున్నాను. ఉపవాసం విడిచారు కదా?

డాక్టరమ్మ పట్టీల రంగులన్నీ చూసింది. జూలైలో ఏం జరిగిందని అడిగింది. ఫైలులో ఆ చిన్న డాక్టరు రాసిన ముక్క ఆమె ముందే ఉంది, అమ్మమ్మో నాయనమ్మో తప్పు కొలిచిందని. నేను గ్రాముల్లో చెప్పి, మిమ్మల్ని మిల్లీలీటర్ల గ్లాసుతో వదిలేశానని, తర్వాత కూడా సగం లెక్కే చెప్పానని ఒప్పుకుని, రాసింది మార్చమని అడిగాను. ఆమె కొట్టేసి మళ్లీ రాసింది. రాస్తూనే, ఇప్పుడు ఇంట్లో ఎవరు కొలుస్తారని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నయన "మా అవ్వ పోస్తది, అమ్మ సూస్తది, నేను తింట" అంది. డాక్టరమ్మ నవ్వి, అయితే మరో మూడు నెలలు ఇలాగే నడపండి అంది. ఆపరేషన్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

లేవబోతుంటే ఇంకో మాట చెప్పింది. ఫోనులో ఇది మీకు చెప్పలేదు. అంతా సరిగ్గా కొలిచినా ఫిట్స్ మళ్లీ ఎప్పుడైనా రావచ్చట. ఎవరి తప్పూ లేకుండానే రావచ్చట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మీరే గుర్తొస్తున్నారు. అది మీ ఒళ్లో ఉన్నప్పుడే వస్తే, ఆ ఇంట్లో మీరొక్కరే ఉంటే, నాకు ఫోను చేయడానికి మీరు ఎంత భయపడతారో అని.

భయపడకుండా చేయండి అత్తమ్మా. ఏం పెట్టారు, ఎంత పోశారు అని అడగను. వస్తున్నానని మాత్రమే అంటాను.

మీ బిడ్డ
రేచల్